ప్రోగ్రామరు ఎక్కడ పెట్టాలి

డాబా మీద శాంతమ్మ గుమ్మడి వడియాలు తిరగేసింది. పక్క చాటలో ఉన్న ఎలక్ట్రానిక్ చిప్పుల జోలికి మాత్రం పోలేదు. వాటి నెత్తిన ఉన్న గాజు కిటికీ ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలి. అలా కొన్నాళ్లు ఎండితే లోపలి పాత ప్రోగ్రాము చెరిగిపోయి, కొత్తది రాసుకోవచ్చట. మొదటిరోజు తెలియక వాటినీ వడియాలతోపాటు తిరగేసింది. కోడలు రత్నకుమారి నవ్విందేగాని విసుక్కోలేదు.

దరియాలతిప్ప దారిలోని ఐసు ఫ్యాక్టరీకి, కరెంటు తగ్గితే మోటారు ఆపి, మళ్లీ తనంతట తనే నడిపించే బోర్డు కావాలి. కాకినాడలో డిప్లమా చదివిన రత్న, రాగి అట్ట మీద గోళ్లరంగుతో గీతలు గీసి ఆ బోర్డు తయారుచేసింది. ఇక దానిలో పెట్టే చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే యంత్రం, అదే ప్రోగ్రామరు, కొనాలి. ఇంటి ముందుగదిలో రేడియోలు బాగుచేసే కొడుకు ప్రకాశరావు కన్ను మద్రాసు యంత్రం మీద పడింది. బోలెడు మీటలు, చిప్పులు చెరిపే దీపం, దానికి తగ్గ ధర.

"కొట్లో పెడితే చూసినోడు నోరెళ్లబెట్టాలి," అన్నాడు.

"అది మన చిప్పుకి రాయదండి. ఈ హైదరాబాదు కిట్టు రాస్తుంది, రాసింది సరిగ్గా ఉందో లేదో మళ్లీ చదివి చెబుతుంది. విడిభాగాలు నేను బిగించుకుంటాను."

"చెరిపే దీపం లేదుగా?"

"యానాంలో ఎండకి కరువేటండి?"

గొంతు పెంచకుండా గెలవడమంటే ఏమిటో శాంతమ్మ ఆరోజు చూసింది. ఈ పిల్లను చూస్తే ఆమెకు గర్వంగా ఉండేది, కాస్త అసూయగానూ ఉండేది. వంటింటి గట్టు మీద, పప్పు ఉడికేలోపు, రత్న ఆ కిట్టు బిగించింది. తను రాసుకున్న ప్రోగ్రాము అంకెలు కాగితంలోంచి శాంతమ్మ చదువుతుంటే మీటలు నొక్కి చిప్పులోకి ఎక్కించింది.

ఐసు ఫ్యాక్టరీ మోటారు చెప్పినట్టు విని నడిచింది. యజమాని లక్ష్మణరావు ఇంకో బోర్డు కావాలని స్వయంగా వచ్చాడు.

"ఆయ్, మీది మామూలు బుర్ర కాదండి ప్రకాశరావుగారూ."

"ఏదో లెండి. టంకం మా ఆవిడ పెడుతుంది. ఆడాళ్లకి వేళ్లు సన్నం కదా."

టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్న రత్న ముఖం చూసి శాంతమ్మకు తన పాత రోజులు గుర్తొచ్చాయి. తన భర్త ఇస్సాకు మాస్టారి లెక్కలంటే ఫరంపేట అంతా చెప్పుకునేది. పిల్లల పలకలు సగం దిద్దింది తనే. ఆయన పోయేదాకా ఆ మాట ఆయనా అనలేదు, తనూ అనలేదు. మంచి మనిషే, పాపం. మంచివాళ్లు మింగేసిన మాట మరీ చేదుగా ఉంటుంది. కొడుకు అచ్చం తండ్రి పోలికే అని ఊరంతా అంటుంటే ఇన్నాళ్లూ మురిసిపోయింది.

లక్ష్మణరావు వెళ్లాక రత్న వంటింట్లోంచి ప్రోగ్రామరు తెచ్చి కొట్టు బల్ల మీద పెట్టింది.

"ఇకనుంచి ఇక్కడే కూర్చుని చేస్తానండి. బోర్డు గురించి అడగొచ్చినవాళ్లు నన్నే అడుగుతారు."

ప్రకాశరావు తల గోక్కున్నాడు. మంచివాడు, వద్దనలేడు. "మరి వంటో?" అన్నాడు. అంతలోనే ముఖం తేటపడింది. "అమ్మ ఉందిలే."

శాంతమ్మ ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి కోడలి పక్కన వేసుకుని కూర్చుంది. అంకెల కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఎసట్లో పోసేముందు బియ్యంలో రాళ్లు ఏరుకోరా నాయనా," అంది.