బండల మీది గొంతులు

సోమవారం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా సారా ఏడ్చేది. అదే ఆమె ఉద్యోగం. ఫిల్మ్ నగర్‌లోని డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి, తెలుగు రాని హీరోయిన్ల బదులు ఏడ్చేది, నవ్వేది, చావుకేకలు పెట్టేది. సినిమాల వెంట మద్రాసు వదిలి వచ్చి నాలుగేళ్లయింది. ఒంటరి మనిషి. ఈమధ్య గొంతు నొప్పి, నిద్ర పట్టదు, ఫోను మోగినా తీయబుద్ధి కాదు.

"వారానికో పూటయినా మనుషులకి దూరంగా ఉండండమ్మా" అన్నాడు డాక్టరు.

సికింద్రాబాదులో ఒక పాత మిలిటరీ గుడారం కొనుక్కుంది. శనివారం సాయంత్రం ఫిల్మ్ నగర్ వెనక రాళ్లగుట్ట ఎక్కి, సీతాఫలం పొదల పక్కన గుడారం వేసి, కిరోసిన్ స్టవ్ మీద టీ పెట్టుకుంది. కింద జూబ్లీ హిల్స్ బంగళాల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఇక్కడ గాలి, కీచురాళ్లు తప్ప ఇంకేమీ లేవు.

చీకటి పడేసరికి ఆమె గొంతులోంచి హీరోయిన్ల గొంతులు ఒక్కొక్కటే దిగి, వెళ్లి బండల మీద కూర్చున్నాయి. ఒకటి సన్నగా ఏడుస్తోంది. ఇంకొకటి నవ్వి, ఎందుకో ఠక్కున ఆపేసింది. సారా దుప్పటి ముసుగేసుకుని తెల్లారేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

గుట్ట మీది ప్లాటుకు నర్సింహ వాచ్‌మన్. పెద్దబండ కిందే అతని గుడిసె. పొద్దున్నే బకెట్‌తో నీళ్లు తెచ్చిచ్చాడు.

"మెల్లగ నడువమ్మా. నీవోళ్లు ఇంకా లేవలే" అన్నాడు, గొంతులు కూర్చున్న బండల వైపు చూపిస్తూ.

ఆమె గుట్ట దిగేసరికి గొంతులన్నీ వెనకే వచ్చి ఆమెలో చేరాయి. ఆ వారం పని హాయిగా సాగింది. అప్పట్నుంచి ఏ శనివారమూ మానలేదు.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఆమె గుడారం మడుస్తుంటే, తనది కానిదేదో చల్లగా గొంతులోకి జారింది. కొత్తగా వచ్చిన ఆ గొంతు గరుకుగా ఉంది, రాతిపొడి పట్టినట్టు. సారా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏందయ్యా, ఇంకెన్ని దినాలు గీడ కూసుంటవ్? బిడ్డ కాడికి పో."

నీళ్లు తెస్తున్న నర్సింహ చేతిలోంచి బకెట్ జారి నీళ్లన్నీ ఒలికిపోయాయి. ఆరేళ్ల కిందట ఆ పెద్దబండ దగ్గర రాళ్లు కొడుతూ పేలుడులో చనిపోయిన అతని భార్య దేవమ్మ గొంతది.

"నువ్వు గీడనే ఉన్నవని, నేను గీడనే ఉన్ననే" అన్నాడు మెల్లగా.

"నేను పోతున్న. నువ్వూ లే."

అతను దుప్పటి, గిన్నె మూటగట్టుకుని మధ్యాహ్నానికల్లా రహమత్ నగర్‌లో ఉన్న కూతురు మల్లమ్మ ఇంటికి వెళ్లిపోయాడు.

మంగళవారం వాన కుండపోతగా పడింది. పట్టపగలు పెద్దబండ జారి గుడిసె మీద పడింది. రేకులు కూడా కనబడలేదు.

సంగతి తెలిసి సారా రహమత్ నగర్ వెళ్లింది. ఇరుకు గదిలో నర్సింహ గోడకానుకుని కూర్చున్నాడు. ముందు కంచంలో అన్నం, పప్పు. ముట్టుకోలేదు.

"నిన్న బండ పడ్డదని ఇన్నప్పటి సంది గిట్లనే ఉన్నడమ్మా" అంది మల్లమ్మ.

సారాని చూడగానే అతను ముందుకు జరిగాడు. "ఒక్కసారి, అమ్మా. ఒక్కటంటే ఒక్కసారి ఆమె లెక్క మాట్లాడు."

సారా నోరు తెరిచింది. ఎంత ప్రయత్నించినా గరుకు గొంతు రాలేదు. హీరోయిన్లెవరూ పలకలేదు. చివరికి సారా సొంత గొంతే, కాస్త బొంగురుగా, బయటికొచ్చింది.

"అన్నం చల్లారిపోతోందన్నా. తిను."

నర్సింహ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, కంచం దగ్గరికి లాక్కుని, పప్పు కలుపుకున్నాడు.