అడగని బాడుగ

గిడ్డమ్మ చనిపోయిన నాటి నుంచి నేను కారు లెక్క వేస్తున్నాను. కారు కొనలేదు. లెక్క మాత్రం మానలేదు.

ఐదు నెలల కిందట, కార్తీకంలో, ఆమె భర్త కంబన్న అద్దె సైకిలు తొక్కుకుంటూ కడపలో నా ఆసుపత్రికి వచ్చాడు. కమలాపురం దాటాక ఏటికి అవతల వాళ్ల పల్లె. రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ చెయ్యి ముందు బయటికి వచ్చిందన్నాడు.

"చివరి బస్సు పోయింది. నాకు కారుంటే ఈ నిమిషమే వచ్చేవాణ్ణి" అన్నాను.

బస్సు పోయిన మాట నిజం. బస్టాండులో ఏసుమణి బాడుగ కారు ఉంటుందని కూడా నాకు తెలుసు. వైద్యం మొదలుపెట్టి ఏడాది కాలేదు. ఆ తల్లీ బిడ్డా నా చేతుల్లోనే పోతారని భయపడ్డాను. కంబన్న ఒక్కడే తిరిగి వెళ్లాడు. వాళ్లిద్దరూ నేను లేకుండానే పోయారు.

ఆ తర్వాత లెక్కలు. పాత కారుకు మూడు వేలు. గాలన్ పెట్రోలుకు ఇరవై మైళ్లు. టైర్లు, పన్ను, డ్రైవరు జీతం. అప్పటికీ నా రాబడిలో ఇమిడిపోతే, ఆ మూడు వేలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ కలిపేవాణ్ణి. కారు పాతబడే కొద్దీ తగ్గే విలువ కలిపేవాణ్ణి. మొత్తం రాబడిని మించిపోగానే ప్రాణం కుదుటపడేది. కారు కొనలేనివాణ్ణయితే ఆ రోజు నేనన్న మాట అబద్ధం కాదు. మరునాటికి మళ్లీ అనుమానం, మళ్లీ కాగితం.

ఈ ఆదివారం ఏసుమణి తన కారు తెచ్చి నా వాకిట్లో నిలిపాడు. ఎర్రగుంట్లలో లారీ కొంటున్నాడట, ఇది అమ్మేస్తాడట. ఇద్దరం లెక్క చూస్తుండగా గేటు దగ్గర కంబన్న కనిపించాడు. నా పెన్సిలు ఆగిపోయింది.

"కారొచ్చెనే! సామి మాట మీద నిలబడినాడు" అంటూ సంబరంగా దగ్గరికొచ్చాడు. "మా చెల్లెలు సోమక్కకు ఈ నెలే కాన్పు. అది చెప్పిపోదామనే వచ్చినా."

"ఇంకా కొనలేదు" అన్నాను. "ఖర్చు చాలా ఉంది. మీ ఏట్లో ఇసుక. దిగబడితే ఎద్దులు కట్టి లాగించాలి."

"మా ఎద్దులుండాయి. అది కొట్టేయండి."

"డ్రైవరు జీతం..."

"మా బామ్మర్ది లారీ తోల్తాడు. మీకు వారంలో నేర్పిస్తాడు. అదీ కొట్టేయండి."

ఏసుమణి నవ్వాడు. "ఏమప్పా, ఇంకొంచెం సేపుంటే కారు ధర గూడా కొట్టేయించేట్టుండావే! సార్, ఇంత రాసుకునేదెందుకు? వీళ్ల ఏటికాడికి పోయి వచ్చేదానికి నేను తీసుకునేది పదిహేను రూపాయలు. పెట్రోలుకు ఆరు పోతాది. ఆడి నుంచి లెక్క పట్టుకోండి."

కంబన్న అతనివైపు తిరిగాడు. "నీ కారు యాడుంటాది?"

"బస్టాండులోనే. నాలుగేండ్ల నుంచి ఆడే. ఈ ఊరి డాక్టర్లందరికీ తెలుసు."

"కార్తీకంలో గూడానా?"

"ఆ నెల బాడుగల్లేక ఈగలు తోలుకుంటాంటి."

కంబన్న నన్ను చూశాడు. అడుగుతాడనుకున్నాను. ఆ రోజు కారు పొరుగూరు పోయిందేమో అనడానికి మాట సిద్ధం చేసుకున్నాను. అతను అడగలేదు. కారు వెనక తలుపు తీసి, తువాలు పరిచి సీటు పొడవు కొలిచాడు.

"మనిషి పండుకునేంత ఉండాది" అన్నాడు ఏసుమణితో. "ఈ నెల దీన్ని అమ్మొద్దప్పా. కబురు పంపుతా. పిల్లను పెద్దాసుపత్రికే తోల్కపోదాం."

"పదిహేను."

"పదిహేనే."

"నేను కొంటాను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఇప్పుడే బయానా ఇస్తాను. కబురొస్తే నేనే వస్తాను."

కంబన్న తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నెల దాటినాంక కొనండి సామీ."

ఆ మాటలో కోపం ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. వాళ్లిద్దరూ కబురు ఎవరితో పంపాలో, ఏటి దగ్గర ఎక్కడ ఆగాలో మాట్లాడుకుంటున్నారు. నా వాకిట్లోనే, లోపలికి పోవాలో అక్కడే నిలబడాలో తెలియక, రెండడుగులు వేసి ఆగాను.