ఒక రోగికి ఒకే తల్లి

మా నాన్న ఈ ఆసుపత్రిలో పరిపాలనాధికారి. ఏ బోర్డు మీద ఏం రాయాలో తేల్చేది ఆయనే. ఒకసారి రాసిన మాటను కొట్టేయడమంటే ఆయనకు తల తీసేసినట్టు. అందుకే ఎవరైనా ఫిర్యాదు చేస్తే కింద ఇంకో "అయితే" తగిలిస్తారు.

ఆడవాళ్ళ వార్డు తలుపు మీద మొదట్లో "బయటివారికి ప్రవేశం లేదు" అని ఒక్క ముక్కే ఉండేది. ఒక తల్లి గొడవపడితే "తల్లులు తప్ప" చేరింది. ఆ మర్నాడే ఒక రోగి కోసం తల్లి, పెద్దమ్మ, ఇద్దరు పిన్నులు, "మేమందరం తల్లులమే" అంటూ దిగబడ్డారు. "అయితే ఒక రోగికి ఒకే తల్లి" వచ్చింది. ఆపైన "తల్లి లేనిచో తండ్రి, అయితే తల్లి జీవించి ఉండగా కాదు". ఇప్పుడు అదంతా చదివి లోపలికొచ్చేసరికి రోగికి నయమై ఇంటికి పోతుంది.

ఇవాళ ఆ తలుపుకి ఇవతల మంచం మీద ఉన్నది నేనే. పిత్తాశయంలో రాళ్ళు, కాసేపట్లో ఆపరేషన్. అమ్మ ఎక్కిన బస్సు ఇంకా చేరలేదు. నర్సుతో పరాచికాలాడుతున్నానే గానీ నాకు చచ్చేంత భయంగా ఉంది. మత్తు ఇచ్చేలోపు నాన్న ఒక్కసారి పక్కన నిలబడితే చాలు.

ఆయన వచ్చారు. వచ్చి తలుపు అవతలే ఆగిపోయారు.

"వెళ్ళండి సార్, మిమ్మల్నెవరు ఆపుతారు?" అంటున్నాడు కాపలాదారు.

"ఎలా వెళ్తానయ్యా? వాళ్ళమ్మ ఉందిగా!"

"ఊళ్ళో లేరు కదండీ. పోనీ, మీరు ఇక్కడి ఉద్యోగే కదా."

"ఇవాళ సెలవు పెట్టాను. నువ్వు మళ్ళీ మొదట్నుంచి చదువు."

పాపం, అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంతలో స్ట్రెచర్ రానే వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా! నాకు భయంగా ఉంది, లోపలికి రా!" అని వార్డంతా ఉలిక్కిపడేలా అరిచాను.

తలుపు తెరుచుకుంది.

"ఏంటి నాన్నా, నీ బోర్డు నీకే అర్థం కాలేదా?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"అది నాకు కంఠతా వచ్చు తల్లీ. నిన్నిలా చూడ్డానికే ధైర్యం చాల్లేదు."

అంత పెద్దమనిషి అలా అనేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియదు. స్ట్రెచర్ కదిలింది. ఆయన చెయ్యి వదలకుండా పక్కనే నడుస్తున్నారు.

"ఏం కాదు నాన్నా," అన్నాను. "ఇట్టే వచ్చేస్తాను."