అరగని టైర్లు

అతన్ని అందరూ జాకీ అనే పిలిచేవారు. కుర్రతనంలో ఒకసారి ఎవరిదో కారు మురుగు కాలవలో దిగబడితే, వీపు ఆనించి వెనక చక్రాన్ని పైకి లేపాడు. అప్పటినుంచి తల్లి పెట్టిన పేరు కాగితాలకే పరిమితమైపోయింది. ఇప్పుడతనికి యాభై రెండేళ్లు. రైలు గేటు పక్కన రేకుల షెడ్డులో పాత కార్లు బాగుచేస్తాడు. ఆ షెడ్డు పెట్టించింది అక్క భర్త. ఆ మాట బావ ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే జాకీకి మోయలేని బరువు.

బావ లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఏడాదిలోనే పాత కార్ల పిచ్చి పట్టుకుంది. చనిపోయిన ఒక డాక్టరుగారి గ్యారేజీలో దుమ్ము కొట్టుకుపోయిన మీగడ రంగు కారు ఒకటి దొరికింది. ముప్పై ఏళ్లకు పైగా అది కదల్లేదు. జాకీ ఎనిమిది నెలలు దాని మీదే పడ్డాడు. ఇంజను విప్పి బిగించాడు, బ్రేకులు మార్చాడు, ఎలుకలు కొరికేసిన వైర్లన్నీ పీకి కొత్తవి వేశాడు. బావ రోజూ వచ్చి స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు దాన్నే చూసేవాడు.

పేచీ వచ్చింది టైర్ల దగ్గరే. వెడల్పాటి తెల్ల అంచున్న నాలుగు టైర్లు, పాతకాలపు రకం. గాడులు లోతుగా, కత్తితో చెక్కినట్టున్నాయి. చూసినవాళ్లు నిన్న కొన్నవే అనుకుంటారు. జాకీ వాటిని బొటనవేలితో నొక్కి చూశాడు. రబ్బరు దిగలేదు. వంచితే అంచు దగ్గర సన్నని పగుళ్లు విచ్చుకున్నాయి.

“బావా, వీటికి నీ పెళ్లి వయసుంది. అరగలేదు నిజమే. కానీ రబ్బరు చచ్చిపోయింది. వేడెక్కితే పైపొర ఊడొస్తుంది.”

“పాత కార్ల ప్రదర్శనలో మొదట చూసేది టైర్లేరా. ఈ రకం ఇప్పుడెవరూ చెయ్యట్లేదు.”

“అయితే లారీ మీద ఎక్కించి తీసుకెళ్దాం. అక్కడ దింపుకుందువుగాని.”

“లారీ మీద ఎక్కిస్తే అది కారా, శవమా?” అని బావ నవ్వాడు. జాకీ నవ్వకపోవడం చూసి మొహం మార్చాడు. “ఎవరి షాపులోనో కొత్త టైర్లు చూసొచ్చినట్టున్నావు. నాకు అంటగడదామనా?”

ఆ మాట జాకీకి చురుక్కున తగిలింది. కొత్త ట్యూబులు వేసి, గాలి కొట్టి, నాలుగింటినీ బిగించాడు. పగుళ్లు కనబడకుండా నల్ల పాలిష్ కూడా తనే రాశాడు.

ప్రదర్శన పొరుగు పట్నంలో, తొంభై కిలోమీటర్ల దూరం. బయల్దేరే రోజు పొద్దున అక్క కూడా షెడ్డుకి వచ్చింది. బావ లోపల చేతులు కడుక్కుంటుంటే తమ్ముడి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“ఏంట్రా, టైర్ల విషయంలో ఏదో అనుకున్నారట మీరిద్దరూ? నిజం చెప్పు. ఎక్కొచ్చా నేను?”

అప్పటికి జాకీ రెండు రోజులుగా ముభావంగా ఉన్నాడు. మళ్లీ ఆ గొడవ తవ్వడం ఇష్టం లేకపోయింది. పైగా బావ తలుపు దగ్గరికి వచ్చేశాడు.

“మెల్లగా పోతే ఏం కాదులే అక్కా” అన్నాడు.

ఆమె తమ్ముడి భుజం మీద ఒకటి చరిచి, వెళ్లి ఎడమవైపు కూర్చుంది.

పన్నెండు దాటాక ఫోన్ వచ్చింది. అప్పుడతను ఒక వ్యాను కింద పడుకుని క్లచ్ విప్పుతున్నాడు. అవతల ఎవరో కొత్త గొంతు, కారు ఏ రంగో చెప్పి, మీకు తెలిసినవాళ్లేనా అని అడిగింది.

అతను వెళ్లేసరికి అక్కని తీసుకెళ్లిపోయారు. బతికుండగా కాదు. బావని వేరే వ్యానులో ఆసుపత్రికి తరలించారు. కారు కల్వర్టు గోడకు ఎడమపక్క ఆనుకుని ఉంది. ఆ పక్క తలుపు లేదు. కాస్త వెనకగా, మండుతున్న తారు మీద, టైరు పైపొర ఒకే పట్టీగా కుబుసంలా పడి ఉంది. జాకీ వంగి దాన్ని ఎత్తాడు. గాడులు ఎక్కడా అరగలేదు. తిప్పి చూస్తే లోపల దారాలు పొడిపొడిగా రాలిపోతున్నాయి. అది పట్టుకునే రోడ్డు పక్కన చాలాసేపు కూర్చున్నాడు.

నాలుగో రోజు ఆసుపత్రిలో బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. భుజం ఎముక విరిగి కట్టు కట్టి ఉంది. కళ్లు లోపలికి పోయాయి.

“టైరుకి మేకు గుచ్చుకుందని చెప్పానురా పోలీసులకి. నువ్వూ అదే చెప్పు. నీకూ మంచిదే. పోయింది ఎలాగూ పోయింది.”

జాకీ చెయ్యి విడిపించుకుని బయటికొచ్చాడు. మర్నాడు వాహనాల ఇన్‌స్పెక్టర్ షెడ్డుకి వచ్చి టైర్లు ఎవరు బిగించారని అడిగితే, నేనే అన్నాడు. పాతవని తెలుసా అంటే, తెలుసన్నాడు. వద్దని బావకి చెప్పాననీ, వినలేదనీ, అయినా బిగించాననీ చెప్పాడు. మేకు సంగతి అడిగితే, లేదన్నాడు. ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకున్నాడు. అక్క ఏమడిగిందో ఆయన అడగలేదు. జాకీ చెప్పలేదు.

బంధువుల్లో గుప్పుమంది. సాయం చేసినవాడినే పట్టించాడని సగం మంది తిట్టారు. తిట్లు తింటుంటే జాకీకి కాస్త తేలిగ్గానే ఉండేది.

మూడు వారాలకు మేనకోడలు వచ్చింది. అక్కకి ఒక్కతే కూతురు, నర్సుగా చేస్తుంది. డ్యూటీ బట్టల్లోనే నేరుగా షెడ్డుకి వచ్చి, తండ్రి కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

“మామయ్యా, అందరూ నాన్నని కాపాడాలనే చూస్తున్నారు. అమ్మ తరఫున మాట్లాడింది నువ్వొక్కడివే. ఈ మాట చెబుదామనే వచ్చాను.”

ఆమె కళ్లు తుడుచుకుంటోంది. జాకీ ఆ మెచ్చుకోలు తీసుకుని ఊరుకోవచ్చు. అక్క ఏమడిగిందో తెలిసినవాళ్లలో మిగిలింది తనొక్కడే.

“నన్ను పొగడకమ్మా. ఆ రోజు పొద్దున్న మీ అమ్మ నన్నడిగింది, ఎక్కొచ్చా అని. ఏం కాదులే అన్నాను.”

ఆమె తుడుచుకోవడం ఆపేసింది.

“తెలిసే అన్నావా?”

“తెలిసే అన్నాను. మీ నాన్నతో మళ్లీ గొడవెందుకని.”

బయట రైలు ఒకటి వెళ్లిపోయింది.

“నాన్న మాట అమ్మ ఎప్పుడూ నమ్మలేదు మామయ్యా” అంది చివరికి. “ఆవిడ ఎక్కింది నీ మాట మీద.”

లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతని ఫోన్ ఎత్తడం మానేసింది.

బావ మీదా జాకీ మీదా పెట్టిన కేసు ఏడాదిన్నర నడిచింది. ఈలోగా పాత కార్లవాళ్లు షెడ్డుకి రావడం తగ్గించారు. వచ్చిన కొద్దిమంది కార్లకీ జాకీ మొదట టైరు మీద అచ్చువేసిన తేదీ చూసేవాడు. పాతదైతే కత్తి తీసుకుని వాళ్ల ఎదుటే కోసి పారేసేవాడు. ఒకాయన కొట్టడానికొచ్చాడు. కొట్టించుకున్నాడు గాని టైరు కొయ్యడం మానలేదు.

తీర్పు రోజున కోర్టు వరండాలో ఒకటే బెంచీ ఖాళీగా ఉంది. బావ ఒక చివర కూర్చున్నాడు, జాకీ రెండో చివర. ఎదురుగా, స్తంభం పక్కన మేనకోడలు నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరివైపూ చూడట్లేదు.

“నువ్వు ఆ రోజు గట్టిగా ఒక్క కేక వేసి ఉంటే ఆగేవాణ్ణిరా” అన్నాడు బావ నేల చూస్తూ.

“నువ్వాగేవాడివి కాదు బావా. అక్క ఆగేది.”

బావ తలాడించాడు. లోపలినుంచి ఇద్దరి పేర్లూ పిలిచారు. విరిగిన భుజం సరిగా అతుక్కోలేదు. బావ బెంచీ పట్టుకుని లేవబోయి రెండుసార్లు కూలబడ్డాడు. జాకీ వెళ్లి చంక కింద చెయ్యి వేసి లేపాడు. బావ విదిలించుకోలేదు. అలాగే ఇద్దరూ గుమ్మం దాకా నడిచారు. మేనకోడలు వాళ్లకి దారిచ్చి పక్కకి జరిగింది.