వదినగారి కార్డు

కత్తెరమ్మ అసలు పేరు వాళ్ళ ఊళ్ళో చాలామందికి తెలియదు. బజారువీధిలో కుట్టుదుకాణం ఆవిడది. కత్తెరకీ నాలుకకీ ఒకే రాయిమీద సాన పట్టిస్తుందని గిట్టనివాళ్ళూ అంటారు, గిట్టినవాళ్ళూ అంటారు. అలాంటి మనిషి రాత్రంతా బస్సులో కునికిపాట్లు పడి, తెల్లారేసరికి మహానగరంలో వియ్యపురాలి ఇంట్లో దిగింది.

కూతురికి కాన్పయింది. ఆడపిల్ల. బిడ్డ కాస్త బరువు తక్కువగా పుట్టిందని ఆస్పత్రిలో అద్దాల గదిలో ఉంచారు. భయమేమీ లేదన్నారు. కానీ బయటివాళ్ళు చూడాలంటే పొద్దున ఒక్క గంటే. పదకొండు కాగానే తలుపు మూసేస్తారు. కత్తెరమ్మేమో సాయంత్రం బస్సుకి వెనక్కి పోవాలి. బడులు తెరిచే రోజులు మరి, దుకాణంలో యూనిఫాం గుడ్డ తానులు తానులుగా పడి ఉంది. మనవరాలిని చూస్తే ఆ గంటలోనే చూడాలి. లేదా కుట్టుపని ఒడ్డెక్కేదాకా ఆగాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా వియ్యపురాలితోనే.

ఆవిడ లెక్కల టీచరు. ఉద్యోగం వదిలి ఏళ్ళయినా అందరికీ ఇంకా టీచరుగారే. మంచి మనిషి, కాదనకూడదు. కానీ తన పక్కనున్నవాళ్ళని డబ్బు తియ్యనివ్వదు, అదే ఆవిడ జబ్బు. పెళ్ళికి ఆడపిల్లవాళ్ళు మాట్లాడుకున్న బస్సు కిరాయి, కత్తెరమ్మ పర్సు జిప్పు తీసేలోపల ఈవిడ ఇచ్చేసింది. పైగా "మీకెందుకండీ శ్రమ" అని నవ్వింది. చూసినవాళ్ళంతా ఎంత పెద్ద మనసో అన్నారు. కత్తెరమ్మ మాత్రం, మా బస్సు కిరాయి మేం ఇచ్చుకోలేమనా ఈవిడ ఉద్దేశం, అనుకుంది. ఆ బస్సు రెండేళ్ళుగా ఆవిడ కడుపులో తిరుగుతూనే ఉంది. అందుకే ఈసారి బయల్దేరేటప్పుడే ఒట్టు పెట్టుకుంది, వియ్యపురాలి చేత రైలు టికెట్టు కూడా కొనిపించుకోకూడదని. వీలైతే ఆవిడ టికెట్టు కూడా తనే కొని, బస్సు బాకీ తీర్చుకోవాలని.

టీచరుగారు స్నానానికి వెళ్ళీ వెళ్ళగానే కత్తెరమ్మ చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగింది. దొంగతనానికి కూడా అంత మెల్లిగా ఎవరూ దిగరు.

వీధి చివరే సిటీ రైలు స్టేషను. అక్కడ టికెట్లమ్మే మనిషి లేడు, గోడకి అతుక్కుని ఒక మిషను ఉంది. దానికి నోరుంది కానీ చెవుల్లేవు. ఎక్కడికెళ్ళాలి, ఎన్నిసార్లెళ్ళాలి, రానూపోనూనా, ఒకవైపా అని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. కత్తెరమ్మ ఆస్పత్రికని చెప్పింది, కూతురి కాన్పని చెప్పింది. మిషను మళ్ళీ మొదటికొచ్చి ఎక్కడికెళ్ళాలని అడిగింది. వెనక నిలబడ్డ ఒక పెద్దాయన జాలిపడి, తెరమీద ఒక బొమ్మని చూపించాడు.

"కొత్తగా వచ్చినట్టున్నారు. మీకు ఒకరోజు కార్డు నయం, సాయంత్రందాకా ఎన్నిసార్లయినా తిరగొచ్చు. లోపలికెళ్ళేటప్పుడు గేటుకి ఆనించాలి, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ ఆనించాలి. మనిషికొకటి ఉండాలి సుమా."

"రెండివ్వమనండి," అంది కత్తెరమ్మ.

తీరా నోటు పెడితే, మిషను బయటికి తోసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తోసింది. బస్సు ప్రయాణంలో నోటు నలిగిపోయి ఉంది. కత్తెరమ్మకి ఒళ్ళు మండింది కానీ, నలిగిన గుడ్డని దారికి తేవడం ఆవిడకి కొత్తా? నోటుని గోడకానించి, బొటనవేలి గోటితో అంచు నుంచి అంచు దాకా, ప్యాంటు మడత తీసినట్టు తీసింది. ఈసారి మిషను నోరెత్తకుండా మింగింది. రెండు కార్డులు రాల్చింది. వాటిని జాకెట్లో దాచుకుని, టీచరుగారు తల తుడుచుకుంటూ వచ్చేసరికి కత్తెరమ్మ ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుంది.

అనుకున్నది ఒకటి. గేటు దగ్గరికి వెళ్ళాక, కార్డులు రెండూ ఠీవిగా తీసి, "రండి వదినగారూ, ఈ పూటకి మీరు నా అతిథి" అనాలని. ఆ మాట స్టేషనుదాకా మనసులో నాలుగైదుసార్లు కుట్టి విప్పి మళ్ళీ కుట్టుకుంది కూడా. అయినదొకటి. గేటు దగ్గరికి రాగానే టీచరుగారు ఒక చేత్తో తన కార్డుని గేటుకి ఆనించింది, రెండో చేత్తో కత్తెరమ్మ మణికట్టు పట్టుకుని లోపలికి ఒక్క తోపు తోసింది. అరవై దాటిన మనిషికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో. కత్తెరమ్మ తూలుకుంటూ అవతలికి పడింది. వెనక గేటు మూసుకుంది.

"అమ్మయ్య. మీరు మా ఊరొచ్చి టికెట్టు కొనడమేమిటి," అంటూ టీచరుగారు అదే కార్డుని తనకోసం మళ్ళీ ఆనించింది.

ఎర్రదీపం వెలిగింది. ఇంకోసారి ఆనించింది, ఇంకోసారి వెలిగింది. ఆ కార్డు ఇప్పటికే లోపలికెళ్ళిపోయిందని గేటు లెక్క. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి, ఒకటిలోంచి ఇద్దరు వెళ్ళరన్న సంగతి గేటు చెప్పాల్సి వచ్చింది. వెనక వరస పెరిగింది. "ఎవరమ్మా ఆపింది" అని ఒకరు గొణిగారు.

కత్తెరమ్మ ఈ ముచ్చట కళ్ళారా చూసింది. తొందరపడలేదు. జాకెట్లోంచి ఒక కార్డు తీసి, గేటు మీదుగా చెయ్యి చాపింది.

"ఇదిగోండి వదినగారూ. మీకెందుకండీ శ్రమ," అంది.

టీచరుగారి ముఖం చూడాల్సిందే. వెనకాల జనం, ముందర వియ్యపురాలు. చేసేదిలేక ఆ కార్డు ఆనించి లోపలికొచ్చింది. కత్తెరమ్మ కడుపులో రెండేళ్ళుగా తిరుగుతున్న బస్సు ఆ క్షణాన ఆగి, ఇంజను కూడా ఆపుకుంది.

ఇక్కడితో ఊరుకుని ఉంటే కథే లేదు. రైల్లో కూర్చున్నాక టీచరుగారు తన కార్డుని కత్తెరమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరుంచండి. దీనిమీద లోపలికొచ్చింది మీరు. దిగేటప్పుడు కూడా దీనిమీదే దిగాలి."

"నా దగ్గర మిగిలింది గేటుకి ఆనించనిది, దిగడానికి పనికిరాదు. మీది మీ దగ్గరుంచుకుని, నేనిచ్చింది నాకిచ్చెయ్యొచ్చు కదండీ. ఏదైతేనేం?"

"అదెలా కుదురుతుంది? లెక్క తప్పుతుంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే టీచరుగారి తర్వాతే ఎవరైనా. కత్తెరమ్మ కూడా గెలిచిన సంతోషంలో ఉంది కాబట్టి పోనిద్దూ అనుకుని తీసుకుంది. ఆ కార్డు పెద్దవాళ్ళకిచ్చే రాయితీ కార్డని గాని, దానిమీద టీచరుగారి ఫొటో ఉందని గాని అప్పుడు ఇద్దరికీ పట్టలేదు.

పట్టాల్సినవాడికి పట్టింది. ఆస్పత్రి ఇంకొక్క స్టేషనుందనగా తనిఖీ ఆయన పెట్టెలోకి వచ్చాడు. కత్తెరమ్మ చేతిలో కార్డు తీసుకుని, ఫొటో వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ఫొటోలో సన్నటి ముఖం, నెరిసిన పొట్టి జుట్టు, కళ్ళద్దాలు. ఎదురుగా గుండ్రటి ముఖం, నల్లటి ముడి.

"ఇది మీరేనా?"

"నేనైతే ఫొటోకి అంత సీరియస్‌గా కూర్చోనండీ," అంది కత్తెరమ్మ.

ఆయన నవ్వలేదు. ఇద్దరినీ తర్వాతి స్టేషన్లో, అంటే ఆస్పత్రి స్టేషన్లోనే దింపి, ప్లాట్‌ఫారం చివర ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళాడు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి గడియారం. వేరేవాళ్ళ రాయితీ కార్డు వాడితే జరిమానా అని చెప్పి, రసీదు పుస్తకం తెరిచాడు.

"కార్డు ఎవరిది?"

"నాది," అంది టీచరుగారు.

"వాడిందెవరు?"

"నేను," అంది కత్తెరమ్మ.

"సరే. జరిమానా ఎవరు కడతారు?"

"నేను," అన్నారు ఇద్దరూ.

పాపం, ఆయన సర్వీసు మొత్తంలో జరిమానా అంటే పారిపోయినవాళ్ళని చూశాడు, ఏడ్చినవాళ్ళని చూశాడు, మంత్రిగారి బంధువునని బెదిరించినవాళ్ళని చూశాడు. నేను కడతానంటే నేనని పోట్లాడుకునేవాళ్ళని చూడ్డం ఇదే మొదలు. కలం మూతపెట్టి కింద పెట్టాడు.

"కార్డు నాది కాబట్టి తప్పు నాది," అంది టీచరుగారు.

"ఆ కార్డు మీద రైలెక్కింది నేను. అయినా పెళ్ళి బస్సు మీరే, ఇల్లు మీదే, భోజనం మీదే. చివరికి జరిమానా కూడా మీరేనా? మాకేం మిగిల్చారు?"

"పెళ్ళి బస్సా?" టీచరుగారు తెల్లబోయింది. "ఆ బస్సు ఇంకా గుర్తుందా మీకు?"

"గుర్తుండటమేమిటి, రోజూ ఎక్కుతూనే ఉన్నాను."

అనేశాక కత్తెరమ్మకే సిగ్గేసింది. గడియారం చప్పుడు చెవిన పడింది. అప్పుడు చూసింది ఆవిడ గోడవంక. పదకొండుకి పావుగంట కూడా లేదు. తను ఎందుకొచ్చినట్టు ఈ ఊరు? జరిమానా కట్టడానికా, మనవరాలిని చూడ్డానికా?

టీచరుగారు కూడా గడియారం చూసింది. తన చేతిలో ఉన్న ఒకరోజు కార్డు కత్తెరమ్మ చేతిలో పెట్టింది.

"వదినగారూ, మీరు వెళ్ళండి. ఇది మీ డబ్బుతో కొన్నదే. నేనిక్కడ సంగతి చూసుకుని వెనకే వస్తాను. నాకు రేపైనా ఉంది, మీకు లేదు."

తనిఖీ ఆయన ఆ కార్డునీ, బల్లమీది కార్డునీ మార్చి మార్చి చూశాడు.

"ఇదేదో రైలెక్కగానే మార్చుకుని ఉంటే నేను మిమ్మల్ని అడిగేవాణ్ణే కాదు కదమ్మా," అన్నాడు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చిందెవరో కత్తెరమ్మకి తెలుసు. నేను ముందే చెప్పాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ జీవితంలో మొదటిసారి కత్తెర మూసుకుంది. కార్డు పట్టుకుని పరుగు తీసింది.

ఆస్పత్రి స్టేషన్లో గేటు ఆవిణ్ణి ఏ పేచీ పెట్టకుండా బయటికి వదిలింది. మెట్లెక్కి, వసారా దాటి వెళ్ళేసరికి కూతురు అద్దాల గది ముందు కుర్చీలో కూర్చుని ఉంది. తల్లిని చూడగానే దాని కళ్ళు నిండాయి.

"ఇంతసేపేమిటమ్మా? అత్తయ్యేరీ?"

"జరిమానా కడుతోంది," అని నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది. కూతురు కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని నవ్వింది. కత్తెరమ్మ చేతులు కడుక్కుని తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"త్వరగా చూడమ్మా. అత్తయ్య కూడా నీ వెనకాలే చూస్తుంది, ఈవేళైనా."

"ఈవేళైనా ఏమిటి?"

"ఇంతవరకూ పాపని చూడలేదుగా అత్తయ్య. రోజూ వస్తుంది, నా దగ్గర కూర్చుంటుంది, వెళ్ళిపోతుంది. పాపని ముందు మీ అమ్మ చూడాలి, దూరాన్నించి వచ్చే మనిషి, నాదేముంది ఊళ్ళోదాన్నే అంటుంది. ఎంత చెప్పినా వినదు."

కత్తెరమ్మ చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ అనుకున్నదేమిటి? టీచరుగారు డబ్బుందని ముందుకొస్తుందనే కదా. కొడుక్కి పుట్టిన బిడ్డని చూడ్డానికి ఏ డబ్బు అడ్డమొచ్చింది? పిచ్చిదానా, ఆవిడకి ఎదుటివాళ్ళని ముందు పంపడం ఒక్కటే తెలుసు, గేటయినా అంతే, తలుపయినా అంతే, అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిడి వదిలేసి వెళ్ళి బల్లమీద కూర్చుంది.

"అదేమిటమ్మా? తలుపు మూసేస్తారు," కూతురు కంగారుపడింది.

"మూస్తే మూయనీ. ఆవిడ రానీ."

నర్సు వచ్చి గడియారం చూపించి వెళ్ళింది. కత్తెరమ్మ కదల్లేదు. చేతులు మాత్రం ఒళ్ళో ఉండలేక చీర అంచుని మడతపెడుతూ విప్పుతూ ఉన్నాయి. నర్సు రెండోసారి వచ్చి తాళంచెవి చేతిలోకి తీసుకునేసరికి, వసారా చివర టీచరుగారు ఆయాసపడుతూ కనిపించింది.

"చూశారా? ఎలా ఉంది?"

"చూళ్ళేదు. మీకోసం ఆగాను."

"అయ్యో, ఇదేం పనండీ. సాయంత్రం మీకు బస్సు కదా. వెళ్ళండి, ముందు మీరు వెళ్ళండి."

"లేదు, ముందు మీరు."

"దూరాన్నించి వచ్చింది మీరు."

"ఎవరో ఒకరు వెళ్ళండమ్మా," అంది నర్సు. "ఒక్కరికే టైముంది."

పొద్దున గేటు దగ్గర టీచరుగారు తనని ఎలా పట్టుకుందో అలాగే కత్తెరమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఈసారి తొయ్యలేదు. తనతోపాటు లాగింది. ఇద్దరూ ఒకే తలుపులో భుజాలు రాసుకుంటూ, పక్కవాటుగా లోపలికి పడ్డారు. ఇక్కడ ఎర్రదీపం ఏదీ వెలగలేదు. నర్సు ఏదో అనబోయి, కూతురి ముఖం చూసి ఊరుకుంది.

పాప నిద్రపోతోంది. పిడికిలి బిగించి, నుదురు చిట్లించి, ఎవరితోనో పేచీ పెట్టుకుంటున్నట్టుంది.

"మీ పోలికే," అంది టీచరుగారు మెల్లిగా.

"నుదురు చూడండి, లెక్క తప్పినట్టు చిట్లించింది. మీ పోలికే," అంది కత్తెరమ్మ.

ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. కత్తెరమ్మ పాపని తల నుంచి కాళ్ళ దాకా కంటితోనే కొలిచింది.

"జానెడు గుడ్డ చాలు దీనికి. వెళ్ళగానే మెత్తటిది చూసి రెండు చొక్కాలు కుట్టి పంపిస్తాను."

"ఆ గుడ్డ డబ్బులు నేనిస్తాను," అంది టీచరుగారు. అలవాటుగా అనేసింది, అన్నాక నాలుక కరుచుకుంది.

కత్తెరమ్మ ఆవిడ మణికట్టు ఇంకా వదల్లేదు.

"ఇవ్వండి వదినగారూ," అంది.