నాన్న మెడ మీద కత్తి

అబద్ధం ఆడటంలో నన్ను మించినవాళ్లు ఈ భూమ్మీద లేరు. కాస్త నిదానించి చెప్పాలంటే, మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

మొదటివాడు అన్నయ్య. తాగొచ్చి గోడ పట్టుకుని, "పడిపోతోంది, ఆపుతున్నా" అనేవాడు. రెండోవాడు నాన్న. అన్నయ్య తాగుడు మాన్పించే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ, మా సెలూన్‌కి వచ్చినవాళ్లందరికీ "కొత్త కటింగులు నేర్చుకోడానికి వెళ్లాడు" అని చెప్పాడు. జనం ఎంత నమ్మారంటే, ఆ కటింగే కావాలని ఇద్దరు ముగ్గురు సన్యాసుల్లా జుట్టు పెంచేశారు.

అన్నయ్య తిరిగొచ్చాక నాన్న కొత్త అబద్ధం మొదలెట్టాడు. రోజూ షాపు తెరవగానే వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, "గడ్డం చూడు, అడవిలా ఉంది" అంటూ నున్నటి చెంపకి నురగ పూసేవాడు. గీసేది గడ్డం, చూసేది వాసన. అన్నయ్యకీ తెలుసు. అడక్కుండానే "హా..." అని ఊదేవాడు.

"ఎందుకురా ఊదుతావు?"

"ఉక్కగా ఉంది కదా. నీకు గాలి తగలాలని."

అప్పుడు గాని నాన్న ఊపిరి పీల్చుకునేవాడు కాదు.

అన్నయ్య చేతి వణుకు తగ్గింది. ఇవాళ్టి మొదటి గిరాకీ వాడికే ఇస్తానని నాన్న మాటిచ్చాడు.

పొద్దున్నే నాన్న అద్దం వెనక నుంచి లోషన్ సీసా తీశాడు. గడ్డం గీశాక రాసే ఘాటు లోషన్. చెడ్డ రోజుల్లో అన్నయ్య దాన్నీ తాగకుండా వదల్లేదు, అందుకే ఆ దాపరికం. సీసా సగం ఖాళీ.

నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. "నిన్న నిండుగా ఉంది" అన్నాడు, సీసాతోనే మాట్లాడుతున్నట్టు.

"నేను ముట్టుకోలేదు నాన్నా."

ఆ మాట మా ఇంటి గోడలకి కూడా కంఠతా వచ్చు. అది అన్నయ్యకీ తెలుసు. చేతిలోని కత్తి బల్ల మీద పెట్టేశాడు.

నేను మూల నిలబడి తువ్వాళ్లు మడతపెడుతున్నాను. వీధి వీధంతా కలిసినా నా నోటికి చాలదు. అలాంటి నోరు పడిపోయింది.

నాన్న సీసాని అద్దం ముందు, అందరికీ అందేచోట పెట్టాడు. తనే కుర్చీలో కూర్చుని, మెడకి గుడ్డ చుట్టుకుని, గడ్డం పైకెత్తాడు.

"కానీరా. మొదటి గిరాకీ నేనే."

"ఓసారి వాసన చూడు నాన్నా, ఊదుతా..."

"జలుబు చేసింది. ముక్కు పనిచేయట్లేదు. గీయి."

అంత మంచి అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

కత్తి గొంతు మీదికొచ్చింది. నాన్న కళ్లు మూసుకున్నాడు. గుడ్డ కింద చేతులు మాత్రం కుర్చీని పిప్పి చేస్తున్నాయి. అన్నయ్య మెల్లగా గీశాడు. ఒక్క గాటు పడలేదు.

నాన్న మెడ తడుముకున్నాడు. "చెవి కింద రెండు వెంట్రుకలు వదిలేశావు, బడుద్ధాయ్."

మా ఇంట్లో దీన్ని బంగారు పతకం అంటారు. అన్నయ్య నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే బాబాయి ఆవులిస్తూ వచ్చాడు. "అన్నా, లేచిన దగ్గర్నుంచీ నా మూతి లోషన్ వాసన గుప్పుమంటోంది. ఏమన్నా రోగమంటావా?"

ఆయన ముక్కు కింద నీలంగా, సగం చెరిగిన మెలితిప్పిన మీసం.

ముగ్గురూ నావైపు తిరిగారు. నాన్న జలుబు అక్కడికక్కడే నయమైపోయింది. నా చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూశాడు.

"చెప్పవే."

"బాబాయి నిద్రపోతుంటే మార్కర్‌తో గీశాను. నీళ్లకి పోలేదు. లోషన్‌కేమో మీసం సగం పోయింది, సీసా సగం పోయింది. ఇందాకే చెప్పాల్సింది నాన్నా, భయమేసింది. అన్నయ్య ముట్టుకోలేదు. నేనే."