తాబేలు తూచ్

ఫ్రేములాయనకు జూదమంటే ఒళ్ళుమంట. పేకాటలో కొంప ముంచుకున్న బావమరిది ఇంటికొస్తే కుర్చీ చూపించేవాడు గానీ కబుర్లు కలిపేవాడు కాదు. పటాలకు చెక్క చట్రాలు కట్టి అద్దాలు బిగించే కొట్టు ఆయనది. లాటరీ టికెట్లమ్మేవాణ్ణి ఆ కొట్టు మెట్టు కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. అంతటి మనిషీ పిల్లల బొమ్మల ప్యాకెట్లో చిక్కుకున్నాడు.

బొమ్మంటే బొటనవేలంత రబ్బరు జంతువు. ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపులో అమ్ముతారు. ప్యాకెట్ విప్పితే గానీ లోపల ఏముందో తెలియదు. "ఆడుకోండి, దాచుకోండి" అని పైన రంగురంగుల అక్షరాలు. జంతువులన్నీ చేరితే సెట్టు పూర్తయినట్టు. మొదటి ప్యాకెట్ కూతురి గొడవ పడలేక కొన్నాడు. బుడంకాయ అని ఆ పిల్ల ముద్దుపేరు. అసలు పేరుతో స్కూల్లో తప్ప ఎవరికీ పనిలేదు. ప్యాకెట్లో ఏనుగు వచ్చింది, పిల్ల గంతులేసింది. రెండోది విప్పినప్పుడు గంతులేసింది పిల్ల కాదు.

కొన్నాళ్ళకు అన్నీ వచ్చాయి, తాబేలు తప్ప. ఆయన మిగిలిన చెక్కముక్కలతో గళ్ళ పెట్టె చేసి, అద్దం బిగించి, జంతువులను వరసగా కొలువు తీర్చాడు. తాబేలు గడి ఖాళీ. దాన్ని చూస్తే ఆయనకు అన్నం సయించేది కాదు. కొట్టు మూయగానే ఎదురు షాపులో దూరి, ఒక్కో ప్యాకెట్టూ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవాడు. పగులున్న అద్దాన్ని చప్పుడుతో పట్టేసే మనిషాయె, తాబేలును పట్టలేడా? ఇది అదృష్టం కాదు, పనితనం అని భార్యకు నచ్చజెప్పబోయాడు.

"పనితనమే మరి. ఇంట్లో కుందేళ్ళు సంత పెట్టేన్ని ఉన్నాయి," అందామె. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. ఇంకొక్కటే, ఇదే ఆఖరు అంటూ నిద్రమాత్రల కోసం కౌంటర్ ముందు నిలబడేవాళ్ళను రోజూ చూస్తూనే ఉంటుంది.

"పిల్ల కోసమేగా," అన్నాడాయన.

పిల్లకు ఆ జంతువుల మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. దాని ప్రాణమంతా ఇప్పుడు సైకిల్ మీద ఉంది. ఆదివారం నేర్పిస్తానని తండ్రి మాటిచ్చాడు. ఇద్దరూ బయల్దేరేవాళ్ళు కూడా. కానీ సైకిల్ స్టేషనరీ షాపు ముందు స్టాండు మీద, పిల్ల మెట్టు మీద, ఆయన లోపల. ఇదీ ప్రతి ఆదివారం జరిగే సైకిల్ చదువు.

"తాబేలు రానీ తల్లీ, ఆ తర్వాత మనల్ని ఎవరాపుతారు?" అన్నాడు ఒకరోజు.

"తాబేలొస్తే ఇంక షాపుకెళ్ళవా? ఒట్టా?"

"ఒట్టు."

పిల్లలు ఒట్టును ఊరికే పోనివ్వరు. బుడంకాయ ఇంట్లో కుందేళ్ళన్నీ సంచిలో వేసుకుని స్కూలుకు పోయింది. సాయంత్రం యూనిఫాంలోనే కొట్టుకు పరుగెత్తుకొచ్చి, "నాన్నా, కళ్ళు మూసుకో," అంది. అరచేతిలో ఏదో పెట్టింది. ఆయన కళ్ళు తెరిస్తే తాబేలు. ఆకుపచ్చది, తోక దగ్గర కాస్త రంగుపోయింది.

"ఎక్కడిదే?"

"మా క్లాసమ్మాయిది. కుందేళ్ళన్నీ ఇచ్చేశా. ఇంక అయిపోయింది కదా నాన్నా!"

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎగిరి గంతేయాల్సిన మనసు చప్పగా చల్లారిపోయింది. ఎందుకో ఆయనకే అంతుపట్టలేదు. చిన్నప్పుడు గోలీలాటలో వాడిన మాట నోట్లోంచి ఊడిపడింది.

"తూచ్."

"ఏంటీ?"

"ఇది లెక్కలోకి రాదమ్మా. మనం విప్పిన ప్యాకెట్లోంచే రావాలి."

"నీకు తాబేలు కావాలన్నావుగా?"

"కావాలి. అంటే... ఇలా కాదు."

"మరెలా?"

ఆయన తాబేలును బల్ల మీద పెట్టాడు. పిల్ల ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు. "తూచ్ అనేది ఓడిపోయేవాళ్ళు నాన్నా," అని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. ఆదివారం ఎవరూ అడక్కముందే సైకిల్ బయటకు తీశాడు. స్టేషనరీ షాపూ, దాని అవతలి బేకరీ దాటి వీధి చివరి పోస్టుడబ్బా దాకా సీటు వెనకాల పట్టుకుని పరుగెత్తాడు. వెనక్కి తిప్పి మళ్ళీ పరుగెత్తాడు. పిల్ల ముందు చూస్తూనే ఆపకుండా కబుర్లు చెబుతోంది. ఆయనకు ఆయాసం, చెమట, వాటితోపాటు చాలా రోజులకు ఒక నిండైన సంతోషం. మళ్ళీ బయల్దేరి స్టేషనరీ షాపు ముందుకు వచ్చేసరికి, షాపాయన గుమ్మంలో కొత్త అట్టపెట్టె విప్పుతున్నాడు.

"మీ జంతువులే సార్! తాజా సరుకు!"

ఒక్కటంటే ఒక్కటే, ఒక్క నిమిషం అనుకున్నాడు. సీటు మీంచి చెయ్యి ఎప్పుడు జారిందో తెలియలేదు.

ఒకటి కొని జేబులో వేసుకున్నాడు. ఇంకొకటి చెవి దగ్గర పెట్టుకుని తడుతుండగా బయట "నాన్నా! నాన్నా!" అని కేక వినిపించింది. పడిపోయిందనుకుని చేతిలోది విసిరేసి పరుగెత్తాడు.

పిల్ల పడలేదు. పోస్టుడబ్బా దాకా పోయి, తిప్పుకుని, ఒక్కతే తొక్కుకుంటూ వచ్చి, చెప్పులు నేలకు రాస్తూ ఆయన ముందు ఆగింది. మొహం వెలిగిపోతోంది.

"తొక్కేశా! నువ్వు పట్టుకున్నావనే అనుకున్నా! ఎక్కడ వదిలేశావ్ నాన్నా?"

సైకిల్ నేర్పే ఏ తండ్రైనా ఆ చోటు మరిచిపోడు. చెప్పకుండా చెయ్యి తీసి, ఊపిరి బిగబట్టి, పిల్ల సాగిపోతుంటే చూసే చోటు. అది ఒక్కసారే వస్తుంది. ఆయనకు అది వచ్చింది, పోయింది, ఆయన చూడలేదు.

"అదే... బేకరీ దాటాక," అన్నాడు.

"బేకరీ దాటాకా? బేకరీ దగ్గర పడతానేమో నాన్నా అన్నాను. నువ్వు పలకలేదు."

పిల్ల చూపు ఆయన జేబు మీదకు పోయింది. మొహంలో వెలుగు కాస్త తగ్గింది.

"వచ్చిందా?" అంది.

"ఇంకా చూడలేదు."

బుడంకాయ తల ఊపింది. సైకిల్ తిప్పుకుని, ఒక కాలు నేలకు తన్ని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి ఇంటివైపు సాగిపోయింది. ఈసారి వెనక ఎవరైనా ఉన్నారా అని చూసుకోలేదు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పరుగెత్తి వెళ్ళి పిలవాలనుకున్నాడు. జేబులో వేళ్ళు మాత్రం ప్యాకెట్ మీద తాబేలు డిప్ప గుండ్రంగా తగులుతుందేమోనని తడుముతూనే ఉన్నాయి.